కొత్త ఏసీలు పెట్టినా పీయూఈ 1.9 దగ్గరే ఆగితే: ముందు ర్యాక్ ఖాళీలు మూయండి
మీ సర్వర్ గదికి కొత్త ఏసీలు పెట్టినా పీయూఈ (గదికి అయ్యే మొత్తం కరెంటు సర్వర్ల కరెంటుకు ఎన్ని రెట్లో చెప్పే లెక్క) తగ్గలేదన్నారు. తప్పు ఏసీలది కాకపోవచ్చు. సర్వర్ల వెనక నుంచి వచ్చే వేడి గాలి, సర్వర్లు పేర్చే స్టాండు అంటే ర్యాక్‌లోని ఖాళీల గుండా మళ్లీ ముందుకు వస్తోంది. సర్వర్లు దాన్నే పీలుస్తుంటే మీరు ఏసీ ఉష్ణోగ్రతను ఇంకా తగ్గిస్తున్నారు.

1. ఖాళీ స్లాట్లన్నిటికీ బ్లాంకింగ్ ప్యానెళ్లు (ఖాళీని మూసే పలకలు) బిగించండి. నేల కింద నుంచి చల్లగాలి వస్తుంటే కేబుల్ కంతలు కూడా మూయండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఉష్ణోగ్రత ఎక్కడ కొలుస్తున్నారు? ఏసీ మీద కనిపించేది చాలావరకు ఏసీకి తిరిగొచ్చే గాలిది. సర్వర్ల ముందు వైపు, ర్యాక్‌కి అడుగున, మధ్యలో, పైన మూడు సెన్సర్లు పెట్టండి. పైది బాగా ఎక్కువ చూపిస్తే ఇంకా ఎక్కడో కంత ఉన్నట్టే, వెతకండి. ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం) సిఫార్సు చేసే 18 నుంచి 27 డిగ్రీలు సర్వర్ లోపలికి వెళ్లే గాలికి, గదికి కాదు.

3. పై, కింది సెన్సర్ల తేడా తగ్గాక సెట్ పాయింట్ (ఏసీలో పెట్టే ఉష్ణోగ్రత) వారానికి ఒక్క డిగ్రీ పెంచండి. పై సెన్సర్ 25 దాటకూడదు. గది వెచ్చగా ఉందని మేనేజర్ టెన్షన్ పడతారు, రీడింగులు చూపించండి.

పైకప్పు మీద సోలార్ పెడితే పీయూఈ తగ్గుతుందా అని కూడా అడిగారు. తగ్గదు. అది మొత్తం కరెంటును సర్వర్ల కరెంటుతో భాగించిన లెక్క, కరెంటు ఎక్కడిదని అడగదు. కార్బన్ కోసమైతే పెట్టండి, కానీ తర్వాత.

నీళ్లను ఆవిరి చేసి చల్లబరిచే కూలింగ్ టవర్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు. ఏప్రిల్‌లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూపులు మీకు తెలియనివి కావుగా.