మగ గొంతులు మూడే ఉంటే ఏం పాడించాలి?

మీ కోయిర్‌లో (బృందగానంలో) 22 మందిలో మగవాళ్లు ముగ్గురే, నాలుగు భాగాల పాట (ఆడవాళ్లకి రెండు వరసలు, మగవాళ్లకి రెండు) ఎత్తుకుంటే సగంలోనే శ్రుతి దిగిపోతోంది అన్నారు కదండీ. ముందు ఆ నాలుగు భాగాల పట్టు వదలండి. సొప్రానోకి (ఆడవాళ్ల పై గొంతు) ఒకటి, ఆల్టోకి (ఆడవాళ్ల కింది గొంతు) ఒకటి, మగవాళ్లందరికీ కలిపి ఒకే వరస ఉన్న పాటలు చూడండి. ఇంకా తేలిక కావాలంటే కానన్: అందరిదీ ఒకే బాణీ, ఎత్తుకోవడమే వెనకా ముందూ. 16వ శతాబ్దపు ఇంగ్లండ్ స్వరకర్త థామస్ టాలిస్ కానన్‌తో మొదలుపెట్టొచ్చు. మొజార్ట్ 1791లో రాసిన 'ఆవే వేరుమ్ కోర్పుస్' 46 బార్లే (తాళపు గళ్లే), చిన్నదే అని ఆశపడకండి, దానికి టెనార్ (మగవాళ్ల పై గొంతు), బాస్ (కింది గొంతు) విడివిడిగా కావాలి. స్కోర్లు (పాటల స్వరలిపి) కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచితం.

శ్రుతి ఎక్కడ జారుతోందో పట్టుకోవాలంటే పియానో ఆపి పాడించి, ప్రతి చరణం చివర ఒక్క స్వరం నొక్కి చూడండి. చాలాసార్లు దొంగ ఆల్టోల దగ్గరే దొరుకుతాడు: ఒకే స్వరం మీద ఆరేడు అక్షరాలు పలికే చోట. ప్రతి అక్షరాన్నీ కొత్తగా, కాస్త పైనుంచి అందుకున్నట్టు పాడమనండి.

బృందాన్ని నడిపించడంలో మీకు శిక్షణ గురించీ అడిగారు. కోర్సుకి ముందు ఫోన్ ఎదురుగా పెట్టి మీ సాధన వీడియో తీసుకోండి. నాది చూసుకుంటే సిగ్గేసింది. పాట ఎత్తుకునే ప్రతిసారీ నేను ఊపిరి బిగబడుతున్నాను, నన్ను చూసి వాళ్లూ అంతే.