కమాను బోల్టు రావట్లేదు, గ్యాస్ పెట్టించమంటారా?

ప్రశ్న: సార్, మా నాన్నగారి పాత అంబాసిడర్‌ని మళ్ళీ రోడ్డెక్కిద్దామని పని మొదలెట్టాను. వెనక కమాను (బండి బరువు మోసే పట్టీల స్ప్రింగు) ముందువైపు బోల్టుకి నట్టు ఊడింది గానీ బోల్టు బయటికి రావట్లేదు, తల కూడా అరిగిపోయింది. గ్రైండర్ ఆ సందులో పట్టదు. గ్యాస్‌తో కోయించేయమంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గ్యాస్ మాత్రం వద్దండీ. పెట్రోలు ట్యాంకు వెనకే ఉంది, కమాను కొసన రింగులో ఉండే బుష్ రబ్బరు అంటుకుంటే ఆ పొగ, మంట అంత తొందరగా ఆగవు, పైగా కమానుని బాడీకి పట్టి ఉంచే హ్యాంగర్ రేకు కూడా కాలిపోతుంది. బోల్టు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, హ్యాంగర్ పోతే బాడీకి వెల్డింగే.

నట్టు ఊడినా బోల్టు రాకపోవడానికి కారణం బుష్ లోపలుండే ఇనప గొట్టం. ఇనుము తుప్పయితే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే బోల్టు ఆ గొట్టంలో బిగిసిపోయింది, మీరెంత కొట్టినా దెబ్బంతా రబ్బరు మింగేస్తుంది. రాత్రి తుప్పు ఆయిల్ కొట్టి పొద్దున ఇంకోసారి చూడండి, కదలకపోతే ఇక కోసేయడమే.

కోసే ముందు బండిని బాడీ కింద స్టాండ్ల మీద నిలబెట్టండి, ఉత్త జాకీని నమ్మొద్దు, ఆక్సిల్ కింద విడిగా ఇంకో జాకీ పెట్టండి, ఎందుకంటే బోల్టు తెగగానే కమాను ఒక్కసారి జారుతుంది. బ్యాటరీ వైరు తీసేయండి, బ్రేకు పైపు ఎటు పోతుందో చూసుకోండి.

కోయాల్సింది బుష్‌కీ హ్యాంగర్ రేకుకీ మధ్య సందులో, రెండు పక్కలా. బ్లేడు ముందుకీ వెనక్కీ ఆడే కరెంటు రంపం దొరికితే ఇంచుకి 18 పళ్ళున్న బైమెటల్ బ్లేడు పెట్టి నిదానంగా ఆయిల్ వేస్తూ కోయండి. దొరక్కపోతే ఉత్త హాక్సా బ్లేడు చాలు, ఒక కొసకి మందంగా గుడ్డ చుట్టి, పళ్ళ మొనలు మీ వైపు తిరిగి ఉండేలా పట్టుకుని లాగేటప్పుడు మాత్రమే నొక్కండి, నెడితే సన్నటి బ్లేడు వంగి పుటుక్కున విరుగుతుంది, లాగితే తిన్నగా ఉంటుంది. చేతులు నొప్పెడతాయి గానీ నిప్పురవ్వ ఉండదు, నాకైతే ఇదే ఇష్టం. కళ్ళకి రక్షణ అద్దాలు మాత్రం తప్పనిసరి, పడుకుని పైకి చూస్తూ చేసే పని కదా.

తల అరిగిందంటే ఎమ్ఎమ్ పానా వాడుంటారు. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది, పాత బళ్ళలో చాలా బోల్టులు ఇంచుల కొలతే. తెగిన ముక్క పట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళి అదే మరలో హైటెన్సైల్ (గట్టి ఉక్కు) బోల్టు అడగండి, మామూలు ఇనప బోల్టు కమానుకి వేయొద్దు. కొత్త బుష్ వేశాక బోల్టుకి గ్రీజు పూసి దూర్చండి, ఫైనల్ టైటింగ్ మాత్రం బండిని నేల మీదకి దించాకే చేయండి, గాల్లో ఉండగా బిగిస్తే దించినప్పుడు రబ్బరు మెలితిరిగి తొందరగా చిరిగిపోతుంది.