ముందు గాలికి దారివ్వండి

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది కొత్తగూడెం. మా తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరం. సెలవుల్లో కేటరింగ్ పనులకెళ్లి కూడబెట్టుకున్న డబ్బుతో హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ పీఎస్4 (టీవీకి తగిలించి ఆడే వీడియోగేమ్ పెట్టె) కొనుక్కొచ్చాడు. పదకొండు వేలు. అమ్మినాయన ముందు పది నిమిషాలు బాగానే ఆడింది. ఇంటికొచ్చాక ఇరవై నిమిషాలకే కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఒకటే మోత. తర్వాత తెర మీద ‘చాలా వేడెక్కింది, ఆపి చల్లారనివ్వండి’ అని ఇంగ్లీషులో వస్తోంది, ముందు లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. అమ్మినాయన ఫోన్ ఎత్తట్లేదు. తమ్ముడేమో వీడియోలు చూసి తనే విప్పి లోపలి చిప్పు మీద రాసే పేస్టు మారుస్తానంటున్నాడు. కరెంటు వస్తువు, ముట్టుకోవద్దని అమ్మ. విప్పనివ్వమంటారా? వెనక సీయూహెచ్-12తో మొదలయ్యే మోడల్ నంబరుంది. షోకేసులో టీవీ కింద అరలో పెట్టాం, దుమ్ము పడకుండా అమ్మ దాని మీద గుడ్డ కప్పుతుంది.
— ఒక అక్క, కొత్తగూడెం

జవాబు: విప్పనివ్వండమ్మా. కానీ ఇవాళే కాదు, పేస్టు కోసమూ కాదు.

మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చదవగానే నాకు సగం సంగతి అర్థమైంది. ఈ మోడల్ పెట్టె మీద 230 వాట్లని రాసి ఉంటుంది. అది గరిష్ఠం. ఆట జోరు మీదున్నప్పుడు నూరు వాట్లు దాటే లాగుతుంది. మన చిన్నప్పటి నూరు వాట్ల బల్బు గుర్తుందా, పది నిమిషాలు వెలిగాక చేత్తో ముట్టుకోగలిగేవాళ్లమా? అంత వేడిని పక్క సందుల్లోంచి గాలి పీల్చుకుని, వెనక నుంచి బయటికి తోసెయ్యాలి. అరలో పెడితే వెనక్కి తోసిన వేడిగాలి గోడకు తగిలి మళ్లీ పక్క సందుల్లోకే వస్తుంది. పైన గుడ్డ కూడా ఉంటే ఇక చెప్పేదేముంది. అమ్మగారు ప్రేమతోనే కప్పుతున్నారు, ఆమెను ఏమీ అనకండి. ఆట అయిపోయి, పెట్టె పూర్తిగా చల్లారాక కప్పమనండి, చాలు.

ఇంకో మాట. ఈ మెషీన్ 5 నుంచి 35 డిగ్రీల మధ్య పనిచేయడానికి తయారైంది. కంపెనీ ఇచ్చిన లెక్కే అది. మే నెల మధ్యాహ్నం మీ కొత్తగూడెంలో ఫ్యాను కింద కూర్చున్నా గది 35 దాటిపోదూ? కొత్త మెషీన్‌కే అది కష్టకాలం. కాబట్టి తమ్ముడికి మొదటి పని చెప్పండి: రేపు తెల్లవారుజామున, పెట్టెను బల్ల మీద పెట్టి, నాలుగు వైపులా జానెడు జాగా వదిలి, అదే ఆట ఆడమనండి. గంటసేపు నిలబడితే రోగం ఆ షోకేసు అరదే. మళ్లీ ఇరవై నిమిషాలకే ఆగితే రోగం లోపలుంది.

ఆడేటప్పుడే ఇంకో పరీక్ష. న్యూస్‌పేపర్ అంచు రెండు వేళ్ల వెడల్పున చింపి, పెట్టె వెనక గాలి వచ్చే చోట వేలాడదీయమనండి. ఫ్యాను అంత మోత మోగుతున్నప్పుడు ఆ ముక్క ఎగిరెగిరి పడాలి. మోత బోలెడుండి, కాగితం కాస్త ఊగీ ఊగనట్టు ఉంటే లోపల దారి మూసుకుపోయినట్టే. మోతే లేకుండా వేడెక్కితే ఫ్యాను పోయిందన్నమాట. కాగితం జోరుగా ఎగురుతూ కూడా ఐదు నిమిషాల్లోనే వేడి మెసేజ్ వస్తే, అప్పుడు పేస్టు మీద అనుమానం. ఇక వేడి మెసేజ్ ఏదీ రాకుండా ఠపీమని ఆగిపోవడం వేరే జబ్బు, పవర్ సప్లైదో కరెంటుదో. మీ వర్ణన చూస్తే నాకు మొదటిదే, లోపల దారి మూసుకుపోవడమే అనిపిస్తోంది.

ఎందుకంటే మన దేశంలోకి ఈ పీఎస్4 వచ్చింది 2014లో. మీది అందులో లావు మోడల్. సన్నది కంపెనీ 2016లో తెచ్చింది, దాని మీద 165 వాట్లే ఉంటుంది. అంటే మీ పెట్టె ఎన్నో ఏళ్లుగా ఎవరెవరి ఇళ్లలోనో గాలి పీల్చింది. ఆ గాలిలోని దుమ్మంతా ఎక్కడికి పోతుంది?

ఎక్కడుంటుందో చెప్తాను. పెట్టె వెనక స్క్రూలుంటాయి, కొన్నిటి మీద స్టిక్కర్లు అంటించి ఉంటాయి. చించడానికి భయపడకండి, వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఆ స్టిక్కర్లు ఇప్పటికే చిరిగి ఉంటే మీకంటే ముందు ఎవరో విప్పారని గుర్తు. అలాంటిదైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఒక స్క్రూ తక్కువున్నా ఆశ్చర్యం లేదు. స్క్రూ తలలు నక్షత్రం ఆకారంలో, మధ్యలో చిన్న బొడిపెతో ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్ దిగదు. కొనలో బెజ్జం ఉన్న నక్షత్రపు బిట్టు కావాలి. టీ8, టీ9 సైజులు రెండూ ఉన్న చిన్న సెట్టు సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మే కొట్లో దొరుకుతుంది. కత్తితోనో కత్తెరతోనో తిప్పబోయి తల అరగదీస్తే ఇక ఆ స్క్రూ ఎవరికీ రాదు.

పని మొదలుపెట్టేముందు అన్ని వైర్లూ పీకి, గంటసేపు వదిలెయ్యాలి. సింథటిక్ దుప్పటి మీద కాకుండా చెక్క బల్ల మీద పెట్టుకోవాలి. మధ్యమధ్యలో కిటికీ ఊచను ఓసారి ముట్టుకుంటే ఒంట్లో స్టాటిక్ పోతుంది. స్క్రూలకు వంటింట్లో పాత పోపుల డబ్బా అడగండి. మొదట తీసినవి మొదటి గిన్నెలో, తర్వాతవి రెండో గిన్నెలో. పొడవు స్క్రూ పొట్టి స్క్రూ చోట బిగిస్తే బోర్డుకే చిల్లు పడొచ్చు. నా బల్ల మీద ఇప్పటికీ మా అమ్మ ఇచ్చిన డబ్బాయే ఉంటుంది, ఏడు గిన్నెలది.

పెట్టెను బోర్లించి, వెనక అంచు నుంచి రెండు బొటనవేళ్లతో పైకి లేపితే అడుగు మూత టకటకమని ఊడొస్తుంది. ఫ్యాను, పవర్ సప్లై ఎదురుగా కనిపిస్తాయి. చాలామంది ఫ్యాను రెక్కలు తుడిచేసి, అయిపోయిందనుకుని మూసేస్తారు. అసలు దొంగ అక్కడ లేడు. ఫ్యాను తోసిన గాలి హీట్ సింక్ (చిప్పు వేడిని లాగే లోహపు దిమ్మ) రేకుల మధ్య నుంచి, ఆ తర్వాత పవర్ సప్లైలోంచి దూరి వెనక్కి వస్తుంది. ఆ రేకులు పవర్ సప్లై కింద దాక్కుని ఉంటాయి. దాన్ని ఎత్తితే తప్ప కనపడవు.

పోయిన ఏడాది వేసవిలో విజయవాడలో మా కొట్టుకి ఇలాంటిదే ఒకటొచ్చింది. పవర్ సప్లై ఎత్తి చూస్తే, ఫ్యానుకీ రేకులకీ మధ్య బూడిదరంగు పొర ఒకటి పేరుకుని ఉంది. ట్వీజర్‌తో ఒక మూల పట్టుకుని లాగితే ముక్కలవకుండా మొత్తం ఒకే పేలికలా ఊడొచ్చింది. దుప్పటి నూగు, పిల్లి వెంట్రుకలు, అగరబత్తి మసి అన్నీ కలిసి అచ్చం పాత పరుపులోని దూదిలా గట్టిపడ్డాయి. దానికి అటు పక్క రేకులు కొత్తగా మెరుస్తున్నాయి, ఇటు పక్క నల్లగా ఉన్నాయి. ఆ ఒక్క పేలిక తీశాం, అంతే. పేస్టు ముట్టుకోలేదు. సాయంత్రం వరకు ఆడించినా మోత లేదు. అందుకే దుమ్ము చూడకుండా పేస్టు జోలికి పోవద్దని అంటాను.

మీకు ఇంకొకటి కూడా కనపడొచ్చు. అమ్మగారు పక్కన లేనప్పుడు విప్పమనండి. బొద్దింకలకు ఈ పెట్టెలోని వెచ్చదనం ప్రాణం. అలసంద గింజల్లాంటి గోధుమరంగు గుడ్ల సంచులు పవర్ సప్లై మూలల్లో అతుక్కుని ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాటిలో ఇది తరచుగా చూస్తాను. పవర్ సప్లై జాలీలోంచి బయటికి కనిపించేవి తీసేయొచ్చు. లోపల కాపురం పెట్టి ఉంటే ఆ పవర్ సప్లై మొత్తం మార్పించాలి. దాని డబ్బా మాత్రం మీ తమ్ముడు విప్పకూడదు. ఈ మాట దగ్గర నేను అమ్మగారి పక్షం. మన 230 వోల్టుల కరెంటు అందులో మూడొందల పైచిలుకు డీసీగా మారి కెపాసిటర్‌లో నిలవుంటుంది. ప్లగ్గు పీకినా కాసేపు అందులోనే ఉంటుంది. పవర్ సప్లైని డబ్బాతో సహా ఎత్తడం వరకే మన పని. ఎత్తేటప్పుడు కింద ఒక పొట్టి వైరు బోర్డుకు తగిలించి ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకుని, నిట్టనిలువుగా నిదానంగా లేపి, పుస్తకం అట్ట తిప్పినట్టు పక్కకు వాల్చాలి. జోరుగా లాగితే వైరు కాదు, బోర్డు మీది సాకెట్టే ఊడొస్తుంది.

దుమ్ము తియ్యడానికి పెయింటింగ్ కుంచె, కంప్యూటర్ షాపుల వాళ్లు వాడే చేతి బ్లోయర్ చాలు. ఒక్క జాగ్రత్త, గాలి కొట్టేటప్పుడు ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకోవాలి. 2018లో ఒక కుర్రాడి మెషీన్‌ను తొందరలో పక్కనున్న పంక్చర్ షాపుకి తీసుకెళ్లి కంప్రెసర్ గాలి కొట్టించాను. ఫ్యాను ఈల వేసినట్టు తిరిగి బేరింగు పోయింది. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు, నూనె నిలవుంటాయి కదా, ఆ తుంపర రేకుల మీద పడి కొత్త బంక తయారైంది. ఫ్యాను నా డబ్బుతో మార్చి ఇచ్చాను. ఆ రోజు ఆ పిల్లాడి మొహం నాకింకా గుర్తుంది. వ్యాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, దాని ప్లాస్టిక్ మూతి దగ్గర స్టాటిక్ పుడుతుంది.

అంతా మళ్లీ బిగించి, మూత పెట్టాకే ఆన్ చెయ్యాలి. మూత తీసి ఉంచితే చల్లగా ఉంటుందనుకుంటారు, అది తప్పు. మూత ఉంటేనే గాలికి దారి ఏర్పడుతుంది. పైగా పవర్ సప్లై అలా బయటికి పెట్టి నడపడం ప్రమాదం.

ఇంత చేశాక కూడా కాగితం బాగా ఎగురుతూ మెసేజ్ వస్తే, అప్పుడు పేస్టు. చిప్పుకీ హీట్ సింక్‌కీ మధ్య ఉండే బూడిదరంగు ముద్ద అది, ఏళ్లకేళ్లు వేడికి ఎండి పెళుసు సున్నంలా అయిపోతుంది. దానికోసం డిస్క్ డ్రైవు, యాంటెనా వైర్లు, ఇనుప కవచం అన్నీ తియ్యాలి. ఆదివారం మొత్తం పెట్టుకునే పని. చేయగలనని తమ్ముడికి ధైర్యముంటే ప్రతి మెట్టుకీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటూ చెయ్యమనండి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలు గుడ్డతో తుడవాలి, గోకకూడదు. కొత్తది పల్చగా, చిప్పు మీది అద్దంలాంటి నున్నటి భాగం మొత్తం కమ్మేలా, అంతే. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడదు, పక్కకు పొంగుతుంది. మెమరీ చిప్పుల మీద మెత్తటి ప్యాడ్లుంటాయి, వాటిని చిరగనివ్వకుండా యథాస్థానంలో ఉంచాలి. వెనక బిగింపు రేకుకి రెండు స్క్రూలు. ఒకటి పూర్తిగా బిగించి రెండోది పట్టుకోకూడదు. దీనికో చుట్టు, దానికో చుట్టు.  డిస్క్ డ్రైవు రిబ్బను విషయంలో కూడా తొందరపడొద్దు.

తమ్ముడు కేటరింగ్‌లో బరువులు మోసి కొనుక్కున్న వస్తువు. తన చేత్తో బాగుచేసుకోవాలని వాడికి ఉండటం నాకెంతో నచ్చింది. దుమ్ము పని వాణ్ణి చెయ్యనివ్వండి, మీరు పక్కన కూర్చుని పోపుల డబ్బా పట్టుకోండి. లోపల ఏం దొరికిందో నాకు రాయండి.

ప్రశ్న: కింద రెండు ఫ్యాన్లున్న కూలింగ్ స్టాండ్ కొంటే పీఎస్4 వేడి తగ్గుతుందా? నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?
— ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: లోపల రేకులు మూసుకుపోయి ఉంటే బయట ఎన్ని ఫ్యాన్లు పెట్టినా వృథా. శుభ్రంగా ఉంటే స్టాండే అక్కర్లేదు. ఎలా పెట్టినా పర్వాలేదు, పక్క సందులూ వెనక జాలీ మూసుకోకుండా ఉంటే చాలు. నిలబెడితే పిల్లలు వైరు తన్ని పడేసే ప్రమాదముంది, నేనైతే పడుకోబెడతాను.

ప్రశ్న: నా పాత పీఎస్3 వేడెక్కి పసుపు లైటు చూపించి ఆగిపోయింది. ఒక షాపులో చిప్పుకి వేడిగాలి పెట్టి 1,500 తీసుకున్నారు. ఇప్పుడు బాగానే ఆడుతోంది. ఎన్నాళ్లు ఉంటుంది?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు. కొన్ని వారాలే నడిచినవి చూశాను, కొన్ని నెలలు నడిచినవీ చూశాను. చిప్పు కింద ఉండే సీసం లేని టంకం 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు. చేతి గన్‌తో పైనుంచి వేడి పెడితే ఒకచోట మాడుతుంది, ఇంకోచోట కరగనే కరగదు. వేడికి సాగి, విడిపోయిన అతుకు తాత్కాలికంగా ఆనుకుంటుంది. మళ్లీ వేడి, చల్లదనం, వేడి, చల్లదనం, మళ్లీ విడిపోతుంది. రెండోసారి అదే వైద్యానికి డబ్బు పెట్టకండి. ఇప్పుడు నడుస్తోంది కాబట్టి ఈ రాత్రే ఒక పెన్ డ్రైవ్ పెట్టి, కాపీ అయ్యే గేమ్ సేవ్‌లూ ఫొటోలూ అందులోకి తీసుకోండి. పీఎస్3 హార్డ్ డిస్క్‌లోని డేటా ఆ ఒక్క మెషీన్‌కే అర్థమవుతుంది. మెషీన్ పోయాక డిస్క్ ఊడదీసి ఇంకోదాన్లో పెడితే ఫార్మాట్ చెయ్యమంటుంది.