స్ట్రేసా ట్రిప్‌కి లోన్ వద్దు, అక్టోబరు దాకా ఆగండి

ప్రశ్న: వచ్చే మే నెలకి మా పెళ్లయి 25 ఏళ్లు. ఇటలీలో మజ్జోరే సరస్సు ఒడ్డున ఉన్న స్ట్రేసాలో ఐదు రోజులు గడపాలని ఆశ. ఇద్దరికీ ప్యాకేజీ 5 లక్షలు అంటున్నాడు ఏజెంటు. ఎమర్జెన్సీకని దాచిన ఎఫ్‌డీ 3 లక్షలుంది. సిప్‌లు (నెలనెలా ఫండ్లలో పెట్టేవి) పోను నెలకు 24 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీ తీసేసి, మిగతా 2 లక్షలకు పర్సనల్ లోన్ పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పకుండా వెళ్లండి. మేలో మాత్రం వద్దు, అక్టోబరు మొదట్లో వెళ్లండి. ఇప్పటి నుంచి 14 నెలల టైముంది.

లోన్ సంగతి ముందు తేల్చేద్దాం. 2 లక్షలు 13 శాతం మీద మూడేళ్లకు తీసుకుంటే వడ్డీయే 42 వేలు దాటుతుంది. స్ట్రేసాలో మూడు రాత్రుల గది అద్దె అది! ఎఫ్‌డీని వీసా ఫైల్లో చూపించండి, బ్రేక్ చేయకండి.

ఇక ఆ 5 లక్షలు. నన్నడిగితే అందులో సగం బరువు సరస్సు కనిపించే గదిదే. స్ట్రేసాలో 1860ల నాటి గ్రాండ్ హోటల్ ఒకటుంది, చూడ్డానికి రాజమహల్‌లా ఉంటుంది. దాని ఎదురుగా సరస్సు పక్కన నడిచే దారి మాత్రం అందరిదీ, పైసా కట్టక్కర్లేదు. ఊరు చిన్నది. స్టేషన్ నుంచి నీళ్ల దగ్గరికి పది నిమిషాల నడక. కాబట్టి లోపలి వీధిలో 110 యూరోల గది చాలు. మిలాన్ సెంట్రల్ నుంచి రైల్లో గంట ప్రయాణం.

యూరోను 110 రూపాయలుగా పట్టుకుని నా అంచనా చెప్తాను. విమానం 1.3 లక్షలు. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు. దానికి సర్వీసు చార్జీ, ఇన్సూరెన్స్ కలిపితే ఇద్దరికీ మొత్తం 30 వేలు. మిలాన్‌లో రెండు రాత్రులతో కలిపి ఏడు రాత్రుల బస 85 వేలు. తిండికి 39 వేలు, బోట్లు, రైళ్లు, టికెట్లకు 28 వేలు. మొత్తం 3.12 లక్షలు. పైన పది శాతం పక్కన పెట్టుకుంటే 3.43 లక్షలు. నెలకు 24 వేల చొప్పున 14 నెలలు ఆర్‌డీ (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) కడితే వడ్డీతో ఆ మొత్తం చేతికొస్తుంది. విమానం టికెట్లు ముందే కొనాలి కదా, అందుకని ఆ 24 వేలలోనే 15 వేలకు తొమ్మిది నెలల ఆర్‌డీ విడిగా తెరవండి, మిగతా 9 వేలకు 14 నెలలది. అది ముగిశాక ఆ 15 వేలను మళ్లీ ఐదు నెలలు పక్కన పెట్టాలి. ఇంత దగ్గరి ఖర్చుకు షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్ జోలికి పోవద్దు.

ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) కూడా పడుతుంది. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది.

అక్కడ ఇసోలా బెల్లా దీవి చూడకుండా రాకండి. 1632లో బొరొమెయో వంశం వాళ్లు మొదలుపెట్టిన మహలు, మెట్లుమెట్లుగా తోట, అందులో తెల్ల నెమళ్లు. టికెట్ దండగ కాదు. చలికాలంలో మూసేస్తారు, అందుకే నవంబరు దాకా ఆగకుండా అక్టోబరు మొదట్లోనే అన్నాను. పక్కనే ఉన్న జాలర్ల దీవిలో తిరగడానికి టికెట్టే లేదు. రేవు దగ్గర ప్రైవేటు మోటారు బోట్ల వాళ్లు పిలుస్తారు. మీరు నేరుగా ప్రభుత్వ బోటు కౌంటర్‌కి వెళ్లి రోజు పాస్ అడగండి.

రెస్టారెంట్ బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికి ఒకటో రెండో యూరోలు కనబడితే కంగారు పడకండి, అది కూర్చున్నందుకు వేసే మామూలు చార్జీ. కార్డు మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే మాత్రం యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.