అసిట్రోమ్ (రక్తం పలచబరిచే మందు) వాడే పేషెంట్‌కి పన్ను తీసిన నాలుగో రోజు రక్తం

ఎక్కువ అనుమానం మీరు రాసిన యాంటీబయాటిక్ మెట్రోనిడజోల్ మీదే. వాల్వ్ మార్చిన పేషెంట్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష; అంకె పెరిగితే రక్తస్రావం ముప్పు పెరిగినట్టు) 2.6 చూసే పన్ను తీశాను, మరి ఇప్పుడు రక్తమేంటి అన్నారు. ఆ 2.6 రిపోర్ట్ మెట్రోనిడజోల్ మొదలుపెట్టక ముందుది. అసిట్రోమ్ ఒంట్లోంచి పోకుండా మెట్రోనిడజోల్ అడ్డుపడుతుంది, కొద్ది రోజుల్లోనే ఐఎన్ఆర్ ఎగబాకుతుంది.

1. వదులుగా ఉన్న రక్తపు గడ్డ తీసేసి, సాకెట్‌లో (పన్ను తీసిన గుంతలో) జెల్‌ఫోమ్ (రక్తం ఆపే స్పాంజి) పెట్టి కుట్టు వేయండి. రక్తం ఆపే మందు ట్రనెక్సామిక్ యాసిడ్‌లో తడిపిన గాజ్ గుడ్డ 20–30 నిమిషాలు గట్టిగా కొరికించండి. మధ్యలో తీసి చూడొద్దు.

2. మెట్రోనిడజోల్ ఆపండి. నొప్పికి పారాసెటమాల్ చాలు. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వద్దు.

3. చాలామంది వదిలేసేది ఇక్కడే: ఐఎన్ఆర్ ఈరోజే మళ్లీ చేయించండి. రక్తం ఆగిపోయినా సరే. పాత రిపోర్ట్ ఇప్పుడు చిత్తుకాగితం. కొత్తది రాగానే కార్డియాలజిస్ట్‌కి ఫోన్ చేసి, ఏ మాత్ర ఎన్ని రోజులు వాడారో చెప్పండి. అసిట్రోమ్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. వాల్వ్ మీద గడ్డ కడితే అది ఈ రక్తం కంటే పెద్ద ప్రమాదం.

4. రక్తం ఆగకపోయినా, ఐఎన్ఆర్ 4 దాటినా వెంటనే హాస్పిటల్‌కి పంపండి.

అన్నట్టు, నోట్లో ఫంగస్‌కి రాసే మైకొనజోల్ జెల్ కూడా ఇంతే. పైపూతే కదా అని రాసేయకండి.