వయొలిన్‌లో చిప్ పెట్టించే ముందు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

వయొలిన్‌లో చిప్ పెట్టించాలా వద్దా అని అడిగావు. పెట్టించు. అయితే దాన్ని జీపీఎస్ అనుకుని ధీమాగా కూర్చోకు. పెంపుడు కుక్కలకు చర్మం కింద ఎక్కిస్తారే, అదే ఇది. బియ్యపు గింజలాంటి గాజు గొట్టం, సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం. బ్యాటరీ ఉండదు. స్కానర్‌ను బాగా దగ్గరికి తెస్తే, దాని నుంచే కాస్త శక్తి పుచ్చుకుని 15 అంకెల నంబరు చెబుతుంది. అంతే. పోయిన వాద్యం ఎక్కడుందో చెప్పదు. దొరికాక అది ఎవరిదన్న తగువు వస్తే పనికొస్తుంది.

ఆ తగువు ఎన్నేళ్లకు వస్తుందో చెప్పలేం. వయొలిన్ విద్వాంసుడు రోమన్ టోటెన్‌బర్గ్ గారి స్ట్రాడివేరియస్ (ఇటలీలో పేరుమోసిన పాతకాలపు తయారీదారు చేసిన వయొలిన్) 1980లో పోతే 2015లో దొరికింది. అప్పటికి ఆయనే లేరు, కూతుళ్లకు అప్పగించారు. వెల కట్టించుకోవడానికి తెచ్చినప్పుడు చూసిన నిపుణుడు గుర్తుపట్టాడు కాబట్టి సరిపోయింది. మరో విద్వాంసుడు హుబెర్మాన్ స్ట్రాడివేరియస్‌ను 1936లో ఎత్తుకుపోయినవాడు పాలిష్ పూసి రంగు మార్చి, దశాబ్దాల పాటు దర్జాగా వాయించుకున్నాడు. లోపలి లేబుల్‌ను నమ్ముకుందామా అంటే, స్ట్రాడివేరియస్ పేరు అచ్చేసిన మామూలు వయొలిన్లు లోకంలో కోకొల్లలు.

ఇక పెట్టించే పద్ధతి. కొందరు చెక్కలో రంధ్రం వేసి చిప్ దూర్చేద్దాం అంటారు. చస్తే ఒప్పుకోకు. పాత వాద్యానికి ఒంటి మీద కొత్త గాటు పడితే విలువ పడిపోతుంది. లోపల, మెడ వచ్చి అతుక్కునే చోట ఒక దిమ్మ ఉంటుంది. చిప్ దాని మీద ఉండాలి. పైపలకకు, అడుగుపలకకు మాత్రం అంటించకూడదు, అవి కంపించే భాగాలు. అతికించేది వేడినీటికి వదిలే సరేసు జిగురుతోనే, గట్టిపడితే వదలని ఎపాక్సీ జిగురు వద్దు. రేపు ఎవరైనా తీయాల్సొస్తే చెక్క పెచ్చు లేవకుండా రావాలి కదా. గొట్టం మీద పలచటి కాగితం పట్టీ ఒకటి కప్పి అతికించమను. లేకపోతే ఎప్పుడో ఊడి లోపల దొర్లుతుంది. అప్పుడు ఒక్కో స్వరం దగ్గర జర్రుమని చప్పుడు వస్తుంటే, తీగ లోపమా, తీగలను ఎత్తి నిలిపే బ్రిడ్జి లోపమా అని నువ్వు జుట్టు పీక్కుంటావు.

దీని కోసమే వయొలిన్ విప్పించొద్దు. వేరే మరమ్మతుకు పైపలక తీసినప్పుడు పెట్టించడం ఉత్తమం. అంత ఆగలేకపోతే, చేయి తిరిగిన మరమ్మతుదారు పైపలక మీద ఎఫ్ అక్షరంలా ఉండే రంధ్రం గుండా పొడుగు పట్టకారుతో పెట్టగలడేమో అడుగు. అతికించే ముందు ఒకసారి, ఆరాక ఒకసారి నీ కళ్ల ముందే స్కాన్ చేయించు. మీ అన్న గిటార్‌కు కూడా పెట్టిస్తానంటే, మెడలోని లోహపు కడ్డీకి దూరంగా పెట్టమను. లోహం పక్కనుంటే స్కానర్‌కు నంబరు సరిగ్గా అందదు.

అసలు పని ఆ తర్వాతే ఉంది, అందరూ బద్ధకించేదీ అక్కడే. నంబరును రిజిస్ట్రీలో, అంటే ఏ చిప్ ఎవరిదో రాసి ఉంచే జాబితాలో, నీ పేరున ఎక్కించకపోతే అది ఉత్త అంకెల వరస. ఫోన్ నంబరు మారినప్పుడల్లా అక్కడా మార్చు. రిజిస్ట్రీ నడిపేవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేయొచ్చు, అందుకని అదే నంబరును బిల్లు మీద, ఇన్సూరెన్స్ కాగితాల్లో కూడా రాయించు. ఫోటోలు తీసి పెట్టుకో: ముందు, వెనుక, పక్కలు, తలకట్టు చుట్ట, చెక్కలోని గీతలు కనిపించేంత దగ్గరగా. చిప్‌ను పీకేయొచ్చు గానీ చెక్క గీతలను ఎవడూ మార్చలేడు. చిప్ ఎక్కడుందో మాత్రం ఊరంతా చాటకు.

వయొలిన్ వాయించే కమాను సంగతి నువ్వు అడగలేదు. మంచి కమాను వెల ఒక్కోసారి వయొలిన్‌తో పోటీపడుతుంది, పైగా పెట్టెలోంచి జారుకోవడం దానికే తేలిక. అంత సన్నటి కర్రలో చిప్‌కు చోటు లేదు. తయారీదారు ముద్రను దగ్గరగా ఫోటో తీసి, తూకం వేయించి రాసిపెట్టుకో. ఈ వారమే ఆ పని కానిచ్చెయ్.

మీ మావయ్య