సీ నేర్చుకునేవారికి ఏ కంపైలర్?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సీ ప్రోగ్రామింగ్ భాష గురించే. మనం రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చేదే కంపైలర్. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో అచ్చువేస్తున్నాం. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే వాడాలి.

ప్రశ్న: మా అమ్మాయి డిప్లొమా మొదటి సంవత్సరం. కాలేజీ ల్యాబులో టర్బో సీ అనే కంపైలర్ ఉందట, ఇంట్లో విండోస్ 11 ల్యాప్‌టాప్‌లోనూ అదే వేయమంటోంది. తెలిసినవాళ్లు జీసీసీ అనే ఉచిత కంపైలర్ వేయమంటున్నారు. ఏది మంచిదండీ?
— ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ఇంట్లో జీసీసీ వేయండి. టర్బో సీ ల్యాబు పరీక్ష గట్టెక్కేంత వస్తే చాలు.

టర్బో సీని బోర్లాండ్ సంస్థ 1987లో, విండోస్‌కు ముందు నాటి డాస్ ఆపరేటింగ్ సిస్టం కోసం విడుదల చేసింది. ల్యాబుల్లో కనిపించే ఆ నీలం తెర ఎక్కువ చోట్ల 1990ల తొలినాళ్ల టర్బో సీ++ 3.0ది. అది 16 బిట్ల ప్రోగ్రాం. 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవదు, డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లో పెట్టి నడపాలి. అదైనా సర్దుకోవచ్చు. అసలు చిక్కు లెక్కల్లో వస్తుంది.

టర్బో సీలో ఇంట్, అంటే పూర్ణాంకాలు దాచే టైపు, 2 బైట్లు, గరిష్ఠ విలువ 32767. ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య వరకూ అన్నిటి గుణకారం) ప్రోగ్రాం రాస్తే 7 వరకూ సరిగ్గా 5040 వస్తుంది. 8కి రావలసింది 40320, తెర మీద కనిపించేది -25216. పిల్లలు లూపులో తప్పుందేమోనని గంటలకొద్దీ వెతుకుతారు. లూపులో ఏ తప్పూ లేదు, సంఖ్య ఆ 2 బైట్లలో పట్టలేదంతే. జీసీసీలో ఇంట్ 4 బైట్లు కాబట్టి 12 వరకూ సరైన జవాబే వస్తుంది, 13 దగ్గర అదీ చేతులెత్తేస్తుంది. అలాగే 200 వరసలు, 200 నిలువు వరసలతో ఇంట్ అర్రే ప్రకటిస్తే టర్బో సీ ఒప్పుకోదు. దానికి 80,000 బైట్లు కావాలి, అక్కడి హద్దు 64 కేబీ.

ఇంకో మాయ ఫైలు పేరులో ఉంది. మీరు పేరు మార్చకపోతే టర్బో సీ++ దాన్ని నోనేమ్00 డాట్ సీపీపీ అని దాస్తుంది. సీపీపీ అని ఉంటే సీ++ నియమాలతో కంపైల్ చేస్తుంది. మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్ ముందు టైపు కాస్టు (ఏ టైపుగా వాడాలో బ్రాకెట్లలో చెప్పడం) రాయకపోతే ఎర్రర్ చూపించేది అందుకే. సీలో ఆ కాస్టు అక్కర్లేదు. డాట్ సీ అని సేవ్ చేస్తే గొడవ ఉండదు.

ల్యాబులోని ప్రోగ్రాంను తెచ్చి జీసీసీలో పెడితే కంపైల్ కాకపోవచ్చు. తెర తుడిచే క్లియర్‌స్క్రీన్ (టైపు చేసేది సీఎల్ఆర్ఎస్‌సీఆర్) ఫంక్షన్ టర్బో సీ సొంత సరుకు. జీసీసీ 14వ వెర్షన్ నుంచి, ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే నేరుగా ఎర్రరే. అంతకు ముందువి వార్నింగ్ ఇచ్చి, ముక్కలన్నీ కలిపే లింకు దశలో, ఆ ఫంక్షన్ కోడు దొరకలేదని అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటూ ఆగిపోయేవి. ఒక లైను చదివే గెట్స్ ఫంక్షన్‌ను 2011 నాటి సీ ప్రమాణంలోనే తీసేశారు, దాని బదులు ఎఫ్‌గెట్స్ వాడాలి.

రెండుచోట్లా నడవాలంటే ఇలా రాయించండి: వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్, చివర రిటర్న్ 0, చరరాశుల ప్రకటనలన్నీ బ్లాకు మొదట్లోనే, క్లియర్‌స్క్రీన్, గెచ్‌ల కోసం పెట్టే కోనియో డాట్ హెచ్ అసలు వద్దు. ల్యాబులో ఫలితం చూడటానికి, మీట నొక్కేదాకా ఆపి ఉంచే గెచ్ కూడా అక్కర్లేదు, ఆల్ట్ ఎఫ్5 నొక్కితే చాలు. రికార్డులో క్లియర్‌స్క్రీన్ లేకపోతే మార్కులు పోతాయంటే మాత్రం రాయనివ్వండి, మార్కులతో వాదన దేనికి!

ప్రశ్న: కోడ్‌బ్లాక్స్ వేశాను. బిల్డ్ నొక్కితే కంపైలర్ దొరకలేదంటోంది. వీఎస్ కోడ్ వేసినా అదే తంతు.
— డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: వీఎస్ కోడ్ ఎడిటర్ మాత్రమే, అందులో కంపైలర్ ఉండదు. కోడ్‌బ్లాక్స్ డౌన్‌లోడ్ పేజీలో విండోస్‌కు చాలా ఫైళ్లుంటాయి. పేరులో మింగ్‌డబ్ల్యూ (విండోస్‌కు తగ్గట్టు చేసిన జీసీసీ), చివర సెటప్ అని ఉన్నదే తీసుకోవాలి, జీసీసీ దానితోపాటే వస్తుంది. మీరు దించుకున్నది ఉత్త సెటప్ అయి ఉంటుంది. పాతది తీసేసి దీన్ని వేయండి. అప్పటికీ దొరకలేదంటే సెట్టింగ్స్, కంపైలర్, టూల్‌చెయిన్ ఎగ్జిక్యూటబుల్స్‌లోకి వెళ్లి ఆటో డిటెక్ట్ నొక్కండి.

అక్కడే కంపైలర్ ఫ్లాగ్స్‌లో, ముఖ్యమైన హెచ్చరికలు చూపించమనే -డబ్ల్యూఆల్ అని ఉన్న గడికి టిక్కు పెట్టండి. కమాండ్ లైనులో అయితే డబ్ల్యూ పెద్దక్షరం. ఈ ఒక్క టిక్కు లేకుండా జీసీసీ నేర్చుకోవడం దండగ. షరతులో రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే పెట్టినా, స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌సండ్ మరిచినా అది లైను నంబరుతో సహా పట్టిస్తుంది. టిక్కు లేకపోతే నోరు మెదపకుండా కంపైల్ చేసేస్తుంది.

ప్రోగ్రాములు దాచుకునే ఫోల్డరుకు తెలుగు పేరు పెట్టకండి, ఖాళీలూ వదలకండి. విండోస్ మీది పాత జీసీసీలు తెలుగు అక్షరాలున్న దారిలో ఫైలును తెరవలేవు. మార్పులు చేసి మళ్లీ బిల్డ్ చేస్తే పర్మిషన్ డినైడ్ వచ్చిందా? పాత నల్ల కిటికీ వెనకాల ఇంకా తెరిచే ఉంటుంది, మూసేయండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో సీ నేర్చుకోవచ్చా?
— ఇంటర్ విద్యార్థిని, పార్వతీపురం

జవాబు: నిక్షేపంగా. ఫోనులో కమాండ్లు టైపు చేసే టర్మక్స్ యాప్ వేసి, పీకేజీ అప్‌డేట్ కమాండ్ ఇచ్చి, తర్వాత పీకేజీ ఇన్‌స్టాల్ క్లాంగ్ అని ఇవ్వండి. క్లాంగ్ నిజమైన పూర్తిస్థాయి కంపైలర్, వార్నింగులు కూడా వివరంగా రాస్తుంది. ఫైళ్లు టర్మక్స్ హోమ్ ఫోల్డరులోనే ఉంచండి. డౌన్‌లోడ్స్‌లో పెడితే కంపైల్ అవుతుంది గానీ నడపబోతే పర్మిషన్ డినైడ్ అంటుంది. ఆ నిల్వలోంచి ప్రోగ్రాములు నడపడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు, అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్ కొట్టినా లాభం లేదు.

ఒక తేడా గుర్తుంచుకోండి. 64 బిట్ల ఫోనులో లాంగ్ అనే పూర్ణాంక టైపు 8 బైట్లు, విండోస్ జీసీసీలో 4 బైట్లే. మీ ఫోనులో లాంగ్‌తో 13 ఫ్యాక్టోరియల్ చక్కగా వస్తుంది, అదే ప్రోగ్రాం స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో తప్పు చూపిస్తుంది. లాంగ్ లాంగ్ వాడితే రెండింటిలోనూ 8 బైట్లే.

ప్రశ్న: ఐ విలువ 5 అయితే ++ఐ + ++ఐ ఎంత? జీసీసీలో 14 వచ్చింది, క్లాంగ్‌లో 13. ఏ కంపైలర్ తప్పు?
— ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న పాఠకుడు, వరంగల్

జవాబు: రెండూ కావు, ప్రశ్నే తప్పు. ఒకే వ్యక్తీకరణలో, మధ్యలో వరస నిర్ణయించే గుర్తేదీ లేకుండా, ఒక చరరాశిని రెండుసార్లు మారిస్తే ఫలితం ఇదీ అని సీ ప్రమాణం చెప్పదు. క్లాంగ్ అడగకుండానే హెచ్చరిస్తుంది, జీసీసీ -డబ్ల్యూఆల్ పెడితే చెబుతుంది. గైడుల్లో ఈ బాపతు బిట్ ప్రశ్నలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆప్షన్లలో ‘అన్‌డిఫైన్డ్’ ఉంటే అదే పెట్టండి.

ప్రశ్న: ఉబుంటులో వర్గమూలం 25కి వస్తోంది, ఎన్ అని చరరాశి ఇస్తే అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటోంది. మ్యాథ్ డాట్ హెచ్ పెట్టాను.
— బీటెక్ విద్యార్థి, అనంతపురం

జవాబు: హెడర్ ఫైలులో ఉండేది ప్రకటన మాత్రమే, ఫంక్షన్ అసలు కోడు మ్యాథ్ లైబ్రరీలో ఉంది. 25 లాంటి స్థిర సంఖ్యకు జీసీసీ కంపైల్ చేసేటప్పుడే విలువ కట్టేస్తుంది కాబట్టి లైబ్రరీ అవసరం రాలేదు. ఎన్ విలువ నడిచేటప్పుడు గానీ తెలియదు. కమాండ్ చివర, మ్యాథ్ లైబ్రరీని కలపమనే -ఎల్ఎమ్ చేర్చండి, రెండూ చిన్నక్షరాలే. ఫైలు పేరుకు ముందు పెడితే మళ్లీ అదే ఎర్రర్ రావచ్చు.